పద్నాలుగో గది గంట

మిడిల్స్‌బ్రోలో, లింథోర్ప్ రోడ్డు వెనక క్లినిక్కులో
మూడు కుర్చీలు. ముక్కోణంగా వెయ్యాలని నియమం.
మూడోది నాది. దుబాసీకి గంటకింత,
బస్సు టిక్కెట్టు అదనం.
ఇంకో నియమం: ఆవిడ "నేను" అంటే నేనూ "నేను" అనాలి.
"ఆవిడ అంటోంది" అనకూడదు.

అప్పలనరస. నరసన్నపేట దగ్గర ఊరు. ముప్పై ఆరేళ్ళు.
ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీ.
కోటు విప్పలేదు. సంచీ ఒళ్ళోంచి దింపలేదు.

డాక్టర్ హార్‌గ్రీవ్ చేతిలో తొమ్మిది ప్రశ్నల కాయితం.
గడిచిన రెండు వారాల్లో, అంటుంది,
అసలు లేదు, కొన్ని రోజులు, సగం పైన, దాదాపు రోజూ:
సున్నా, ఒకటి, రెండు, మూడు.
మనసు కుంగినట్టు ఉందా?

నేను తెలుగులో వెతుక్కుంటాను.
దిగులుకి కారణం ఉండాలి. బెంగకి మనిషుండాలి.
గుబులుకి రాబోయేదేదో కావాలి.
విచారం వార్తల్లో వ్యక్తం చేసేది.
కుంగడం గోడలకీ వంతెనలకీ.
చివరికి అన్నీ కలిపి ఒకే దోసిట్లో పోశాను.
ఆవిడ తల అడ్డంగా ఊపింది.
"మనసుకేటీ నేదమ్మా. అరికాళ్ళు మంట.
ఛాతీ మీద రుబ్బురోలు ఎత్తి పెట్టినట్టుంటది."
రుబ్బురోలుకి ఇంగ్లీషు దొరక్క బరువైన రాయి అన్నాను.
డాక్టరు రాసుకుంది: రాయి.
థైరాయిడ్ చూశారా? రక్తం? గుండె?
చూశారు. అన్నీ బాగున్నాయి.
"అన్నీ బాగుంటే మరి నానెందుకు బాగోనేదు?"
ఈ వాక్యాన్నీ "నేను" పెట్టే చెప్పాను.

నిద్ర, మూడు. తిండి, రెండు.
ఆరో ప్రశ్న: మిమ్మల్ని మీరు తప్పు పట్టుకుంటున్నారా?
సంచీ మీద వేళ్ళు బిగిశాయి.
"పద్నాలుగో గదిలో డెన్నిస్ తాత. గంట నొక్కేడు.
నాను తొమ్మిదిలో దుప్పట్లు మారుస్తన్నాను.
వస్తన్నాను తాతా అని కేకేసేను.
తెలుగులో కేకేసేను.
ఎల్లేసరికి..."
ఆవిడ ఆగింది. నేనూ అక్కడే ఆగాను.

ఇప్పుడా గది ఖాళీ. గంట తీగ కూడా పీకేశారు.
అయినా మూడుంబావుకి మోగుతుంది. ఇంట్లో. సెలవు రోజున కూడా.

డాక్టరు పెన్ను పక్కన పెట్టింది.
మెలకువలోనా? మాటలు కూడానా, ఉత్త గంటేనా?
మోగితే ఏం చేస్తారు?
"నెగుస్తాను."
ఆ తర్వాత?
"నిలబడతాను. ఎటెల్లాలో తెలీదు."

తొమ్మిదోది మెత్తగా అడిగింది.
నేను ఇంకా మెత్తగా అడగబోయి, మానుకుని,
చావు అనే మాటే వాడాను.
మన భాషలో చావు చవక.
నవ్వలేక చస్తాం, ఎండకి చస్తాం, పిల్లలు చంపుకు తింటారు.
చవకది ఏదో, అసలుది ఏదో
తేల్చే తూకం నా దగ్గర లేదు.
"సావాలని కాదమ్మా," అంది.
"కాసేపు నేకుండా ఉంటే బాగున్ను."
ఆ "కాసేపు" జారిపోకుండా తెచ్చి బల్ల మీద పెట్టాను.
డాక్టరు దాని చుట్టూ చాలాసేపు తిరిగింది:
మందులు ఇంట్లో ఎక్కడుంటాయి, రాత్రి పక్కన ఎవరుంటారు,
ఎవరికి ఫోన్ చేస్తారు.

మొత్తం పదిహేడు.
అంకె జబ్బు కాదు, జబ్బు ఎటుందో చూపించే వేలు, అంది డాక్టరు.
రెండు పేర్లు రాసింది. ఒకటి కుంగుబాటు.
రెండోది, జరిగిపోయింది జరిగిపోకుండా ఉండిపోవడం.
రెండిటి పక్కనా ప్రశ్నార్థకాలు.
ఇంకో మూడుసార్లు కలిస్తే ఒకటి కొట్టేస్తానేమో,
రెండూ ఉంచుతానేమో, ఇవాళ చెప్పలేను, అంది.

అప్పలనరస కాయితం మీదికి వంగింది.
"దీనికి పేరుందా?"
ఉందన్నాను.
"అయితే ఇంకెవులికో కూడా వచ్చుంటది."
కోటు పై గుండీ ఒకటి విప్పింది.

తిరుగు బస్సులో టైమ్ షీటు నింపాను. యాభై అయిదు నిమిషాలు.
అద్దం మీద వాన, అవతల నీలం వంతెన.
ఎవరో దిగడానికి గంట నొక్కారు.
నేను లేచి నిలబడ్డాను.
నా స్టాపుకి ఇంకా చాలా దూరం ఉంది.